కుప్పం బడికి ఇచ్చిన వైరు

మదనపల్లె బస్టాండుకు ఎదురు సందులో గంగులయ్య ఎలక్ట్రికల్ అంగడికి రెండు గదులు. ముందరి గదిలో గాజు బల్ల, దాని వెనక గంగులయ్య. వెనక గదిలో ఆయన తమ్ముడి భార్య మునీశ్వరి. రెంటికీ మధ్య నీలం తెర. అంగడికి వచ్చినవాళ్లకు తెర కనిపించేది గానీ, దాని వెనక ఒక మనిషి కూర్చుని పనిచేస్తోందని ఊళ్లో ఎంతమందికి తెలుసో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

తొంభైల్లో వైర్లు ఇప్పటిలా ప్యాకెట్లలో తయారుగా దొరికేవి కావు. టేప్ రికార్డరు కొన్నవాడు దాన్ని ఆంప్లిఫయరుకు కలపాలన్నా, పెళ్లి క్యాసెట్టు తెచ్చుకున్నవాడు వీడియో డెక్కును టీవీకి తగిలించాలన్నా, ఎన్ని అడుగులు కావాలో చెప్పి అరగంట బయట నిలబడాల్సిందే. ఆ అరగంటలో మునీశ్వరి వైరు తుంచి, తోలు ఒలిచి, రెండు కొసలకూ పిన్నులు పెట్టి టంకం వేసేది.

పని ఒక్కటే ఆమెది కాదు, తెలివీ ఆమెదే. గంగులయ్య ఏదో డబ్బా వెతుక్కునే నెపంతో తెర జరిపి లోపలికొచ్చి గొంతు తగ్గించి అడిగేవాడు.

"డెక్కు నుంచి టీవీకంట. నలబై అడుగులు. ఏది?"

మునీశ్వరి తలెత్తకుండానే చెప్పేది. "బొమ్మకు డెబ్బై అయిదు ఓముల వైరు బావా. ఇంకోటి ఇస్తే నీడలు పడతాయి. మాటకు సన్న షీల్డు వైరు సాలు."

ఆయన బయటికి పోయి అదే మాట పెద్ద గొంతుతో చెప్పేవాడు. "డెబ్బై అయిదు ఓముల వైరప్పా! ఇంకోటి ఏసినావంటే మనిషికి ఇద్దరు మనుషులు కనపడతారు." వచ్చినవాడు తలూపేవాడు. వైరు గురించి అడగాలంటే గంగులయ్యనే అడగాలని వాల్మీకిపురం దాకా పేరు.

ఆ తెలివి ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది. పుంగనూరులో వాళ్ల నాయన లక్ష్మయ్య రేడియోలు బాగుచేసేవాడు. కొడుకులు లేరు. కూతురు పక్కన కూర్చుని పొగ ఊదుతూ టంకం వేస్తుంటే వద్దనలేదు. ఆయన చదువు ఎనిమిదో తరగతితో ఆగింది గానీ చెప్పే తీరు బాగుండేది. "సూడు పాపా, మైకులోంచి వచ్చేది పసిబిడ్డ గొంతు. దానికి దుప్పటి కప్పాల. కప్పకపోతే దారిలో పోయే ప్రతి మోతా దాంట్లో దూరతాది. స్పీకరుకు పోయేది మొగోడి గొంతు. దానికి దుప్పటేంటికి? దారి ఎడల్పుగా ఉంటే సాలు. ఇంక బొమ్మ ఉండాదే, అది బలే కొలత మనిషి. దానికి సెప్పిన కొలత వైరే ఏయాల." షీల్డు అంటే దుప్పటి అని మునీశ్వరి నేర్చుకున్నది అట్లా. వైరు లోపలి తీగ చుట్టూ జడలా అల్లిన రాగి వల అది. బయటి మోతను అది ఆపుతుంది.

పెళ్లయి మదనపల్లెకు వచ్చిన మూడో ఏట, తొంభై ఆరులో, ఆమె భర్త రెడ్డెప్ప వాల్మీకిపురంలో ఒక మిద్దె మీద డిష్షు బిగిస్తూ కిందపడ్డాడు. తుంటి ఎముక ముక్కలైంది. అన్న గంగులయ్యే జీపు మాట్లాడుకుని వేలూరు ఆస్పత్రికి తీసుకుపోయాడు. నలభై మూడు రోజులు అక్కడి వరండాలో గోనెసంచి పరుచుకుని పడుకున్నాడు. తమ్ముణ్ణి రెండు చేతుల మీద మోసి దొడ్డికి తీసుకుపోయేవాడు. తిరిగొచ్చేసరికి రెడ్డెప్పకు ఒక కాలు కురచయింది, చేతికి కట్టె వచ్చింది.

"ఇంగ మిద్దెలెక్కేది మానుకో," అన్నాడు గంగులయ్య. "మీరు ఈడనే ఉండండి. నేను తినేదాంట్లోనే మీరూ తినండి."

ఆ మాట నిలబెట్టుకున్నాడు. ఆయన భార్య చెంగమ్మ కూడా ఏనాడూ మొహం ముడుచుకోలేదు. అందుకే మునీశ్వరి వెనక గదిలోకి వచ్చి కూర్చుంది. మొదట సాయానికని కూర్చుంది, తర్వాత అదే పనైంది. "మనింటి ఆడోళ్లు అంగట్లో నిలబడితే బాగుండదు, లోపలే చేసుకోమ్మా," అన్నాడు బావ. సరేనంది.

ఆ గదికి కిటికీ లేదు. గోడపైన ఒక గుండ్రటి కంత, దాంట్లో తిరిగీ తిరగని ఫ్యాను. టంకం పొగ గొంతులో పట్టుకుని, ఎండాకాలం ఆమె దగ్గుతుంటే బయట రేడియో సౌండు పెంచేవాడు గంగులయ్య. తెర కింద జానెడు సందు ఉండేది. లోకం ఆమెకు ఆ సందులోంచే కనబడేది, అదీ చెప్పుల వరకే. టయరు చెప్పులు రైతువి. పాలిష్ బూట్లు ఆఫీసరువి. గొంతు విని, పాదాలు చూసి మనిషిని ఊహించుకునేది. ఎవరైనా మంచి ప్రశ్న అడిగితే లేచి పోయి నేరుగా జవాబు చెప్పాలని నాలుక కొస దాకా వచ్చేది. బావ చెడ్డవాడైతే ఏనాడో ఎదురు తిరిగి ఉండేదేమో. ఆయన మంచివాడు. ఆ మంచితనమే తాళం కప్పయింది.

తొంభై తొమ్మిది జూన్‌లో తెర కింద ఒక జత నల్ల రబ్బరు చెప్పులు కనిపించాయి. మడమలు పగిలిన ఆడమనిషి పాదాలు. గొంతు నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి పలికే గొంతు.

"నా పేరు వెంకటలక్ష్మమ్మప్పా. కుప్పం నుంచి వస్తాండాను. చెవులు సరిగా వినపడని పిల్లోళ్లకు చిన్న బడి నడుపుతా ఉండాము, పదకొండు మంది. ఎవరో పుణ్యాత్ములు ఒక యంత్రం ఇచ్చినారు. నేను మైకులో మాట్లాడితే పిల్లోళ్ల హెడ్‌ఫోన్లలో పెద్దగా వినపడతాది. మైకు వైరు ఎలకలు కొరికేసినాయి. అరవై అడుగులు కావాల."

గంగులయ్య లోపలికొచ్చాడు. "ఇన్నావు కదా. ఏది?"

"రెండు తీగల షీల్డు వైరు బావా. అంత దూరానికి అదొక్కటే."

"అది అయిపోయుండాది. బెంగుళూరు నుంచి రావాలంటే పది దినాలు. స్పీకరు వైరు కోసి పిన్నులు కొట్టియ్యి."

"మైకుకా? దానికి వల ఉండదు బావా, మోతంతా..."

"ఆయమ్మ ఈ పొద్దే బస్సెక్కాల," గంగులయ్య విసుక్కున్నాడు. "సెవిటి పిల్లోళ్లమ్మా. వాళ్లకు గుయ్యిమంటే ఏమి, అనకపోతే ఏమి? కొట్టు."

మునీశ్వరి కొట్టింది. అరవై అడుగులు కొలిచి, పిన్నులు పెట్టి, టంకం వేసింది. అతుకు అద్దంలా మెరిసింది. ఆ వైరుతో రబ్బరు చెప్పులు వెళ్లిపోవడం తెర కింది సందులోంచి చూసింది. 

ఆగస్టులో రబ్బరు చెప్పులు మళ్లీ వచ్చాయి. "పిల్లోళ్లు హెడ్‌ఫోన్లు పీకి పడేస్తాండారప్పా," అంది వెంకటలక్ష్మమ్మ. "దీప అని ఏడేళ్ల బిడ్డ ఉండాది. అది పెడితే చాలు, చెవులు మూసుకుని బల్ల కింద దూరతాది."

"అలవాటు కావాలమ్మా. పుట్టినకాడ్నుంచి ఇననోళ్లు ఒక్కసారిగా ఇంటే బయపడరా? సౌండు కొంచెం పెంచి సూడండి," అన్నాడు గంగులయ్య.

లోపల మునీశ్వరి చేతిలోని టంకం వేసే కాలిన కడ్డీ బల్లకు తగిలి చెక్క కమిలిపోయింది. సౌండు పెంచితే మోత కూడా పెరుగుతుంది. ఆ బిడ్డ చెవుల్లోకి పోతున్నది టీచరు గొంతు కాదు, గోడలో పారే కరెంటు రొద. అది చెప్పడానికి నాలుగు అడుగులు వేస్తే చాలు. ఆమె లేవలేదు.

ఇంటికిపోయి భర్తతో చెప్పింది. రెడ్డెప్ప చాలాసేపు కట్టె కొసను అరచేత్తో రుద్దాడు.

"అన్న కావాలని చేసినాడా? సరుకు లేకపోయె. నన్ను బిడ్డ మాదిరి ఎత్తి కడిగినోడు మునీ. ఆయన తల వంగే పని మనం చేసేదా?"

"మరి ఆ బిడ్డ?"



సెప్టెంబరులో బెంగుళూరు నుంచి షీల్డు వైరు చుట్ట వచ్చింది. దాన్ని మునీశ్వరి కాళ్ల దగ్గరే పడేశారు. ఒక మధ్యాహ్నం బావ బయటికి పోయినప్పుడు ఆమె అరవై అడుగులు కోసి, పిన్నులు కొట్టి, పాత ట్రాన్స్‌ఫార్మరు డబ్బాలో దాచింది. కుప్పానికి పంపే దారి మాత్రం తోచలేదు. ఉత్తరం రాద్దామంటే బడి పేరూ వీధీ తెలియవు. బావను అడగాలి, అడిగితే ఎందుకంటాడు. ప్రతి పొద్దునా ఆ డబ్బా మూత తీసి చూసి మళ్లీ మూసేది. సరైన వైరు చేతిలో పెట్టుకుని కూడా తాను ఎటూ పోలేకపోవడం ఆమెకు అన్నిటికన్నా కష్టమనిపించింది.

నవంబరులో ముసురు. రబ్బరు చెప్పులు బురదతో వచ్చాయి. ఈసారి వెంకటలక్ష్మమ్మ గొంతులో ఫిర్యాదు లేదు.

"ఆ యంత్రం ఎవరికైనా పనికొస్తే చెప్పప్పా, ఇచ్చేస్తాము. మా పిల్లోళ్లకు పనికిరాలా. దీపను వాళ్ల నాయన బడి మాన్పించినాడు. ఇంత పెద్ద మిషను పెట్టినా ఇనని బిడ్డకు బడేంటికి, గొర్లు తోలుకుంటాది అన్నాడు. నేనూ ఏం చెప్పలేకపోతి."

"దేవుడు రాసిన రాత అమ్మా," అంటున్నాడు గంగులయ్య.

మునీశ్వరి డబ్బాలోంచి వైరు చుట్ట తీసింది. తెర జరిపేటప్పుడు ఆ గుడ్డ భుజానికి చిక్కుకుంది. విదిలించుకుని బయటికొచ్చింది. అంగట్లో ఇంకో ఇద్దరు మనుషులున్నారు. అందరూ ఆమెనే చూశారు. వెంకటలక్ష్మమ్మ మొహం ఆమె ఊహించుకున్నట్టు లేదు. సన్నగా, పెద్ద కళ్లద్దాలతో, వానకు తడిసిన తలతో ఉంది.

"టీచరమ్మా, మీ పిల్లోళ్ల సెవులది కాదు తప్పు. వైరుది."

"నువ్వెవరమ్మా?"

"ఆ వైరుకు టంకం ఏసింది నేనే. అది స్పీకరు వైరు, మైకుకు పనికిరాదు. మైకులోంచి వచ్చే గొంతు సన్నం. పైన వల లేకపోతే పక్కన పోయే కరెంటు మోతంతా దాంట్లో కలుస్తాది. మీ యంత్రం ఆ మోతనే పెద్దది చేసి బిడ్డల సెవుల్లో పోసింది. మీరొకసారి హెడ్‌ఫోను పెట్టుకుని ఇనలేదా?"

"విన్నా. గుయ్యిమంటా ఉన్నింది." వెంకటలక్ష్మమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "యంత్రమంటే అట్లే ఉంటాదేమో అనుకుంటినమ్మా. మోటరు ఉంటే మోత ఉండదా అనుకుంటి."

"ఉండకూడదు. ఇదో, ఇది ఏసుకోండి. ఆ బిడ్డను మళ్లా పిలిపించండి."

గంగులయ్య గుడ్డ తీసుకుని గాజు బల్లను తుడవడం మొదలుపెట్టాడు. శుభ్రంగా ఉన్నచోటనే మళ్లీ మళ్లీ తుడిచాడు. వచ్చిన ఇద్దరిలో ఒకడు, "అయితే ఇన్నాళ్లూ చెప్తాండింది ఈయమ్మేనా?" అన్నాడు. 

ఆ రాత్రి ఇంట్లో అరుపులు లేవు. అరిచి ఉంటే బాగుండేదని మునీశ్వరికి అనిపించింది. గంగులయ్య సగం అన్నంలోనే చెయ్యి కడుక్కున్నాడు. మరునాటి నుంచి ఆమెతో మాట మానేశాడు. రెడ్డెప్ప మాత్రం ఊరుకోలేదు. "నలుగురిలో ఆయన్ను దించేస్తివే! ఆ మాట నాకు చెప్పుంటే నేనే ఏదో ఒకటి చేసుందును," అన్నాడు. చెప్పానని ఆమె గుర్తు చేయలేదు.

పది రోజులకు కుప్పం నుంచి అంగడికి ఫోను వచ్చింది. మోత చాలావరకు పోయిందట గానీ సన్నగా ఇంకా వినబడుతోందట. తెలిసిన ఆ అమ్మాయి ఒక్కసారి రాగలదా అని వెంకటలక్ష్మమ్మ అడిగింది. గంగులయ్య రిసీవరును గాజు బల్ల మీద పెట్టి వీధిలోకి నడిచిపోయాడు. భోజనం క్యారియరు తెచ్చిన చెంగమ్మ దాన్ని ఎత్తి విని, తెర లోపలికి తల పెట్టింది.

"పోయి రాపో మునీ. పెద్దాయనకు నేను చెప్పుకుంటా. మాట్లాడడు, అంతే కదా? ఇప్పుడు మాత్రం ఏం మాట్లాడతాండాడు."

రెడ్డెప్ప తానూ వస్తానన్నాడు. "ఒక్కదానివి పోతే ఇంకో మాట పుడతాది," అన్నాడు, ఇష్టం లేనట్టే.

పొద్దున బస్సుకు బయల్దేరారు. పుంగనూరులో బస్సు ఆగినప్పుడు నాయన అంగడి ఉన్నచోట ఇప్పుడు గాజుల కొట్టు కనిపించింది. లక్ష్మయ్య పోయి అప్పటికి రెండేళ్లు. పలమనేరు, వి.కోట దాటి కుప్పం చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

బడి ఒక పెంకుటింట్లో ఉంది. మునీశ్వరి గది చుట్టూ ఒకసారి తిరిగింది. మైకు వైరును ట్యూబ్‌లైటు వైరుతో కలిపి, అవే మేకులకు, గోడ పొడుగునా కట్టి ఉంచారు. ఎంత మంచి వైరైనా కరెంటు వైరును అరవై అడుగులు కావిలించుకుని పోతే కొంత మోత అంటుకుంటుంది. ఆమె దాన్ని విప్పి ఎదుటి గోడకు మార్చింది. కరెంటు వైరును దాటాల్సిన ఒక్కచోట అడ్డంగా, కూడలి దాటినట్టు దాటించింది. హెడ్‌ఫోను తన తలకు పెట్టుకుంది. ఏమీ లేదు. పైపెంకుల మీద కాకి గోళ్ల చప్పుడు మైకులోంచి వినిపించింది.

దీపను వాళ్ల నాయన ఆ రోజుకని తీసుకొచ్చాడు. ఎండకు రాగి రంగు తేలిన జుట్టు, గట్టిగా బిగించిన పెదాలు. హెడ్‌ఫోను చూడగానే రెండు చేతులూ చెవుల మీదికి పోయాయి. మునీశ్వరి బలవంతం చేయలేదు. ముందు తాను పెట్టుకుంది, తర్వాత టీచరు, తర్వాత దీప నాయన. అందరి మొహాలూ చూశాక ఆ బిడ్డ చేతులు దించింది.

వెంకటలక్ష్మమ్మ మైకులో "దీపా" అంది. బిడ్డ కదల్లేదు. మళ్లీ అంది. దీప హెడ్‌ఫోను తీసి, లోపల ఎవరైనా ఉన్నారేమోనని చూసి, మళ్లీ పెట్టుకుంది. అప్పుడే గోడకు ఆనుకుని నిలబడిన రెడ్డెప్ప కాలు మార్చుకోబోతే కట్టె బల్లకు టక్కుమని కొట్టుకుంది. దీప గిర్రున తిరిగింది. కట్టెను చూసింది, అతన్ని చూసింది, మళ్లీ కొట్టమని చేత్తో చూపించింది. అతను కొట్టాడు. మళ్లీ చూపించింది. ఆ మధ్యాహ్నం రెడ్డెప్ప ఎన్నిసార్లు కొట్టాడో అతనికే తెలియదు.

తిరుగు బస్సు పలమనేరు దాటింది. ఆ తర్వాత, "నా కట్టె చప్పుడు ఇన్నాది ఆ బిడ్డ," అన్నాడు. అంతే.

దీప బడికి తిరిగొచ్చింది. ఇక్కడ మదనపల్లెలో మాత్రం నీలం తెర పోయి, దాని స్థానంలో ప్లైవుడ్ తలుపు వచ్చింది. దుమ్ము రాకుండా అని వడ్రంగికి చెప్పాడట గంగులయ్య. తలుపులో చీటీ పట్టేంత కంత పెట్టించాడు. చెప్పులు కూడా ఇక కనబడలేదు. పొద్దున లోపలికి పోతే, మళ్లీ వీధి చూసేది అంగడి మూసేటప్పుడే. బావ గొంతు ఆమె కోసం కాదు, గోడ అవతల ఎవరికోసమో వినబడేది. కంతలోంచి చీటీలు వచ్చేవి. "మైకు. 30 అ. స్పీకరు వైరు." ఆమె దాని కిందనే "ఇది కాదు, షీల్డు" అని రాసి తిరిగి తోసేది. కాసేపటికి అదే చీటీ మీద స్పీకరు కొట్టివేసి షీల్డు అని రాసి వచ్చేది. ఆరేళ్లలో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఆరేళ్లలో ఆమె చేతి నుంచి ఒక్క తప్పు వైరు కూడా ఆ అంగడి గడప దాటలేదు.

రెండువేల అయిదుకల్లా ప్యాకెట్ల వైర్లు వచ్చిపడ్డాయి. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులవి ఒక రకం, అయిదు పిన్నులవి ఇంకో రకం, ప్రొజెక్టర్లకు పదిహేను ముళ్లవి మరో రకం. టంకం పని సన్నగిల్లింది. ప్యాకెట్ల మీది చీమతల అక్షరాలు గంగులయ్యకు ఆనేవి కావు. లోపలికి చీటీ పంపకుండానే ఏదో ఒకటి ఇచ్చేవాడు, కొన్నవాళ్లు తెల్లారి తిరిగొచ్చేవాళ్లు.

ఒకరోజు పెద్దతిప్పసముద్రం నుంచి వచ్చిన వీడియోగ్రాఫరొకడు గాజు బల్ల మీద వైరు విసిరికొట్టాడు. "కళ్యాణ మండపం నిండా జనం ముందర బొమ్మ నీళ్లలో పడినట్టు వణికిందప్పా! నీ మాట నమ్మి వస్తిని."

గంగులయ్య ఆ వైరును అటూ ఇటూ తిప్పాడు. తర్వాత ప్లైవుడ్ తలుపు తెరిచాడు.

"మునీశ్వరీ. ఈయప్పకేం కావాలో సూడు."

ఆమె లేచి వచ్చింది. వీధి వెలుతురుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కాసేపు బల్ల పట్టుకుని నిలబడింది. వైరు చూడగానే సంగతి తెలిసింది. మాటకు వాడే సన్న వైరును బొమ్మకు వాడి, దాన్ని మండపం పొడుగునా లాగారు. "రంగు మార్చి గుచ్చితే సరిపోదప్పా. పిన్నులు ఒకే మాదిరి ఉంటాయి గానీ లోపల వైరు వేరే. ఇంత దూరానికి బొమ్మ వైరు లావుగా ఉండాల," అని చెప్పి, రీలు నుంచి కోసి, అక్కడే కొట్టిచ్చింది.

మరునాడు గాజు బల్ల పక్కన ఒక స్టూలు కనిపించింది. ఎవరు వేశారో ఎవరూ చెప్పలేదు. మునీశ్వరి దాని మీద కూర్చుంది. వైరు కోసం ఎవరొచ్చినా గంగులయ్య గడ్డంతో ఆమెవైపు చూపించేవాడు. "ఆయమ్మను అడుగప్పా." తప్పయిందని ఆయన అనలేదు, ఆమె అడగలేదు. బోర్డు మీది పేరు మారలేదు.

ఆ ఏడాది చివర్లో రెడ్డెప్పే కదిపాడు. "పుంగనూరులో బస్టాండు దగ్గర చిన్న గది ఖాళీ ఉండాదంట. మీ నాయన పేరు ఇంకా తలుస్తారు ఆడ. పోదామా? నీకంటూ ఒక అంగడి."

ఆరేళ్ల కింద ఆ మాట విని ఉంటే ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరేది. ఇప్పుడు ఎదురుగా వరండాలో గంగులయ్య ఒక ప్యాకెట్టును కళ్లకు ఆనించుకుని, దూరం జరిపి, మళ్లీ ఆనించుకుని చదవడానికి తంటాలు పడుతున్నాడు.

"మనం పోతే ఆయప్ప ఎవరికి ఏ వైరు ఇస్తాడో," అంది మునీశ్వరి.

అన్నాక ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని నివ్వెరపోయింది. తలుపు తీసిపెట్టినా ఆమె కదలడం లేదని రెడ్డెప్పకూ అర్థమైంది. అతను కట్టె తీసుకుని లోపలికి పోయాడు. ఆమె చాలాసేపు గడప మీదే కూర్చుంది. కోపం ఎవరి మీదో తేల్చుకోలేకపోయింది.

పుంగనూరులో ఆ గది వేరొకరు తీసుకున్నారు.